5.10లో కూర్చున్న చుక్కకు బహిరంగ లేఖ

చుక్కా,

నిన్ను దశాంశ బిందువు అని పిలవాలని చిన్నప్పుడు లెక్కల మాస్టారు నేర్పారు. నువ్వు ఇప్పుడు చేస్తున్న పనులకి ఆ మర్యాద ఎక్కువ. రూపాయలకీ పైసలకీ మధ్య నువ్వుంటే నాకేం ఇబ్బంది లేదు. థర్మామీటర్ 99.4 అంటే నమ్ముతాను. బంగారం కొట్లో తూకం 8.120 గ్రాములు చూపిస్తే కళ్లద్దాలు పెట్టుకుని మరీ చూస్తాను. నా గొడవల్లా నువ్వు మనుషుల ఎత్తులోకి దూరడం గురించే.

ఏ పెళ్లి బయోడేటా తీసినా పేరు, నక్షత్రం, గోత్రం, చదువు, ప్యాకేజీ తర్వాత ఎక్కడో ఒకచోట ‘ఎత్తు: 5.10’ అని ఉంటుంది. పెళ్లిళ్ల పేరయ్యకి అది ఐదడుగుల పది అంగుళాలని తెలుసు. పిల్ల మేనమామకీ తెలుసు. వాళ్లెవరూ నిన్ను పట్టించుకోరు. అడుగులు ఇటు, అంగుళాలు అటు అని చెప్పే అడ్డుగోడ అనుకుని దాటిపోతారు. కానీ నీ కొలువు పదుల లెక్కలో. అడుగుకి పన్నెండు అంగుళాలు. పన్నెండు లెక్క నడిచేచోట నీకేం పని?

మనుషులైతే సర్దుకుపోతారు. ఫోన్ సర్దుకుపోదు.

ఆమధ్య ఒక ఆదివారం మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉచిత వైద్య శిబిరం పెట్టారు. షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, బీపీ మిషను, వేలు గుచ్చి షుగర్ చూసే అమ్మాయి, ఆ పక్కన బరువు మిషను. ఎత్తు కొలిచే కర్ర మాత్రం రాలేదు. మూడో అంతస్తు మాస్టారు చెప్పులు విడిచి మిషనెక్కారు. 70 కిలోలు. ‘‘హైటెంత అంకుల్?’’ ‘‘ఫైవ్ టెన్ అమ్మా.’’ ఆ అమ్మాయి ఫోన్‌లో అడుగుల గడిలో 5.10 అని కొట్టింది. బీఎంఐ 29 అని వచ్చింది. స్లిప్పు మీద 29 అని రాసి, పక్కన ‘ఊబకాయం’ అని రాసి, దాని కింద ఎర్ర గీత కూడా గీసింది. మాస్టారు తాటిచెట్టులా ఉంటారు, చొక్కా ఆయన మీద తగిలించినట్టుంటుంది. మాస్టారి భార్య పిన్నిగారు స్లిప్పు లాక్కుని చదివి, ‘‘నేను చెప్తే విన్నారా? రాత్రికి అన్నం లేదు, పుల్కాలే’’ అని అక్కడికక్కడే తీర్పు ఇచ్చేశారు. వరస చివర కూర్చున్న డాక్టరు గారు స్లిప్పునీ మాస్టారినీ మార్చిమార్చి చూసి, ‘‘ఇది మీదేనా అండీ?’’ అన్నారు.

ఆ స్లిప్పు మాస్టారిదే, లెక్క నీది. ఫోన్ దృష్టిలో 5.10 అంటే 5.1. అంటే ఐదడుగులు, మరో అడుగులో పదో వంతు. సెంటీమీటర్లలో చెప్తే 155 చిల్లర. మాస్టారి అసలు ఎత్తు 177.8. నిలువునా 22 సెంటీమీటర్లు కోసేశావు. బరువు అదే ఉండి ఎత్తు అంత తగ్గితే మనిషి గుండ్రంగా అవక ఏమవుతాడు? అసలు ఎత్తుతో లెక్క వేస్తే ఆయన బీఎంఐ 22.1. పిల్ల మేనమామ చెప్పినా, ఏ డాక్టరు చెప్పినా, మామూలు బరువే.

ఇంకో చిత్రం చూడు. నీ లెక్కలో 5.9 వాడు 5.10 వాడికన్నా 24 సెంటీమీటర్లు పొడుగు. నిజానికి 5.10 వాడే ఒక అంగుళం పొడుగు. అంగుళాలు తొమ్మిది దాటగానే మనిషిని కుదించేస్తావు. తొమ్మిది లోపైతే ఇంకో రకం మోసం, అది ఎవరికీ తెలియను కూడా తెలియదు. ఐదడుగుల ఆరంగుళాలంటే 167.6 సెంటీమీటర్లు. 5.6 అని కొడితే నువ్వు 170.7 చేస్తావు. మూడు సెంటీమీటర్లు ఊరికే ఇచ్చావు. 70 కిలోల మనిషికి 24.9 రావలసింది 24.0 వస్తుంది. ఎక్కువ వచ్చినవాళ్లు గోల పెడతారు. తక్కువ వచ్చినవాళ్లు సంతోషంగా ఇంటికెళ్లి ఇంకో గారె తింటారు. నిన్ను ఇన్నాళ్లూ ఎవరూ నిలదీయకపోవడానికి ఇదే కారణమని నా అనుమానం.

ఇందులో మా తప్పు కూడా ఉందంటావేమో. ఉంది. 1956లో తూనికలు కొలతల చట్టం వచ్చింది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. 1962 కల్లా మెట్రిక్ కొలతలు దేశమంతటా తప్పనిసరి అయ్యాయి. వీశెలు పోయాయి, సేర్లు పోయాయి. పాలు లీటర్లలో, పంచదార కిలోల్లో, చీర మీటర్లలో కొంటున్నాం. బరువు అడిగితే ఎవరూ పౌన్లలో చెప్పరు. ఎత్తు దగ్గరికి వచ్చేసరికి మాత్రం కాలు కదపం. బీఎంఐ ఫారంలో ఒక గడి మెట్రిక్‌లో నిండుతుంది, పక్క గడి బ్రిటిష్‌వాడి అడుగుల్లో. ఆ రెంటి సందులోనే నువ్వు కాపురం పెట్టావు.

ప్రభుత్వం వారిదీ అదే వరస. మన రెండు రాష్ట్రాల్లోనూ పోలీసు కానిస్టేబుల్ నియామక ప్రకటనల్లో మగవాళ్లకి కనీస ఎత్తు 167.6 సెంటీమీటర్లని ఏళ్ల తరబడి చూశాం. ఛాతీ 86.3. ఈ చిల్లర ఎక్కడిదని ఎప్పుడైనా ఆలోచించావా? 167.6 అంటే ఐదడుగుల ఆరంగుళాలు. 86.3 అంటే 34 అంగుళాలు. పాత కొలతకే కొత్త చొక్కా తొడిగారు. కానీ ఒకటి ఒప్పుకోవాలి: గ్రౌండ్‌లో ఎత్తు చూసే రోజున ఏ అధికారీ ‘‘నీ హైటెంత బాబూ?’’ అని అడిగి రాసుకోడు. నిలబెట్టి కొలుస్తాడు. ఒక మిల్లీమీటరు తేడాకి ఉద్యోగం పోయిన కుర్రాణ్ణి అడిగితే చెప్తాడు, 167.6లో ఉన్న నువ్వు ఎంత ఖచ్చితమైనదానివో. అక్కడ నువ్వు దశాంశానివి. అక్కడ నీకు నమస్కారం.

ఎత్తు కొలవడం పెద్ద విద్యేం కాదు. గచ్చు నేల, నిటారు గోడ ఉంటే చాలు. చెప్పులు, సాక్సులు తీసేయాలి. మడమలు, పిరుదులు, భుజాలు గోడకి ఆనాలి. చూపు సూటిగా ముందుకి ఉండాలి. గడ్డం పైకెత్తితే లాభం లేదు, ఇంకా తగ్గుతుంది. కొప్పు ఉంటే విప్పుకోవాలి, క్లిప్పు తీయాలి. అట్ట గట్టిగా ఉన్న పుస్తకం ఒకటి తల మీద బల్లపరుపుగా పెట్టి, దాని అంచు గోడకి నేరుగా తగిలిన చోట పెన్సిల్‌తో గీత పెట్టాలి. నేల నుంచి ఆ గీత దాకా కొలవాలి. ఇంట్లో ఉండే కుట్టు టేపు ఒకవైపు 60 అంగుళాలు, తిరగేస్తే 150 సెంటీమీటర్లు. తిరగేయండి, అంతే. 150 దగ్గర ఒక గుర్తు పెట్టి, మిగిలింది కలుపుకోండి. పొద్దున లేచినప్పటి ఎత్తు కంటే సాయంత్రానికి వెన్నుపూసల మధ్య మెత్తలు నలిగి ఒక సెంటీమీటరు దాకా తగ్గుతాం. అది అందరికీ ఉండేదే.

ఇక లెక్క. బరువు కిలోల్లో, ఎత్తు మీటర్లలో. బరువుని ఎత్తుతో భాగించాలి, వచ్చినదాన్ని మళ్లీ అదే ఎత్తుతో భాగించాలి. ఫోన్‌లో ఉండే మామూలు క్యాలిక్యులేటర్ చాలు, వర్గం మీట వెతుక్కోనక్కర్లేదు. 168 సెంటీమీటర్లు, 72 కిలోల మనిషిని తీసుకుందాం. 72 ÷ 1.68 ÷ 1.68. జవాబు 25.5. అదే పౌన్లు, అంగుళాల్లో చేస్తే చివర 703తో హెచ్చించాలి. అమెరికావాళ్లు ఆ బాధ పడుతున్నారు. మనకెందుకు?

ఈ లెక్కలో నీ ఉద్యోగం ఒకే ఒక్కటి. 168 మధ్యలోకి వచ్చి దాన్ని 1.68 చెయ్యడం. ఆ ఒక్కటీ మాత్రం నువ్వు సరిగ్గా చేస్తావా? పిలవని ఎత్తులోకి దూరి కూర్చుంటావు గానీ, పిలిచినచోటికి రావు. 72ని 168తో రెండుసార్లు భాగిస్తే 0.00255 వస్తుంది. ఆ మనిషి గాలిలో కలిసిపోయినట్టే. సెంటీమీటర్ల గడిలో 1.68 అని కొడితే 2,55,102 వస్తుంది. మా వీధిలో జనం మొత్తాన్ని మూట కట్టినా అంత రాదు. అయితే ఈ తప్పులు మంచివి. చూడగానే తప్పని తెలుస్తుంది. 29 లాంటి జవాబే ప్రమాదం. అది నిజమైన నెంబర్‌లా ఉంటుంది.

జవాబు వచ్చాక కూడా నువ్వు వదలవు. 24.9కీ 25.0కీ మధ్య నిలబడి చుక్కలు చూపిస్తావు. 24.9 వస్తే తృప్తి, 25.0 వస్తే దిగులు. 168 సెంటీమీటర్ల మనిషికి బీఎంఐలో 0.1 అంటే ఎంతో తెలుసా? 282 గ్రాములు. పెద్ద గ్లాసుడు మజ్జిగ. ఎత్తు కొలతలో ఒక్క సెంటీమీటరు అటూ ఇటూ అయితే బీఎంఐ 0.3 మారిపోతుంది. పొద్దున కొలిస్తే ఒక మనిషి, సాయంత్రం కొలిస్తే ఇంకో మనిషి. కొన్ని మిషన్లు 25.51 అని రెండో అంకె కూడా అచ్చు వేసి ఇస్తున్నాయి. ఆ రెండో అంకె నీ సొంత కవిత్వం. దాని వెనక ఏ కొలతా లేదు.

పైగా ఆ 25 అన్న గీత అయినా ఒకచోట ఉందా? ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక ప్రకారం 18.5 లోపు తక్కువ బరువు, 25 నుంచి అధిక బరువు, 30 నుంచి ఊబకాయం. అమెరికాలో 1998 దాకా అధిక బరువు గీత మగవాళ్లకి 27.8, ఆడవాళ్లకి 27.3 ఉండేది. దాన్ని 25కి దించగానే కోట్లమంది ఒక్క గ్రాము పెరగకుండానే లావైపోయారు. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులే ఆసియావాళ్లకి 23, 27.5 దగ్గర అదనంగా హెచ్చరిక గుర్తులు పెట్టారు. తక్కువ బీఎంఐకే మనవాళ్లకి షుగరు, గుండెజబ్బు వస్తున్నాయి కాబట్టి. 2009లో మన దేశపు వైద్యులు ఇంకో అడుగు వేసి 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అన్నారు. మన 168 సెంటీమీటర్ల మనిషి 25.5తో ఒక పట్టికలో అధిక బరువు, ఇంకో పట్టికలో ఊబకాయం. ఫోన్‌లోని యాప్ ఏ పట్టిక చూస్తోందో చాలామంది అడగరు. అడగాలి. ఆయన 23 లోపు ఉండాలంటే ఇంచుమించు 65 కిలోలు, 18.5 కన్నా తగ్గకూడదంటే ఇంచుమించు 52. గుర్తుపెట్టుకోవడానికి ఇలా కిలోల్లో చెప్పుకుంటేనే నయం, నీ బెడద ఉండదు.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో పోషకాల లెక్కలకి ఆధారంగా తీసుకున్న భారతీయ పురుషుడు 177 సెంటీమీటర్లు, 65 కిలోలు. స్త్రీ 162 సెంటీమీటర్లు, 55 కిలోలు. ఇద్దరి బీఎంఐ 21కి అటూ ఇటూ. మా మాస్టారు ఆ నమూనా పురుషుడికి దాదాపు కవల సోదరుడు, ఐదు కిలోలు ఎక్కువ, అంతే. అలాంటాయన్ని పట్టుకుని ఊబకాయం అన్నావు.

ఇంతకీ ఆ నెంబరేం చెప్తుంది? ఎత్తుకి తగ్గ బరువుందా లేదా అని. అంతకు మించి చెప్పదు. ఆ బరువులో కొవ్వెంత, కండెంత, ఎముకెంత అన్నది దానికి పట్టదు. దీని వెనక లెక్క కట్టింది వైద్యుడు కూడా కాదు, బెల్జియంలో నక్షత్రాలు చూసుకునే అడాల్ఫ్ కెట్లే. బ్రస్సెల్స్ వేధశాల నడిపినవాడు. సగటు మనిషి ఎలా ఉంటాడో అంకెల్లో పట్టుకోవాలని ఆయన తపన. ఎదిగిన మనుషుల బరువు ఇంచుమించు ఎత్తు వర్గాన్ని బట్టి పెరుగుతోందని 1830లలో రాశాడు. ఊబకాయం ఆయన ఊహలోనే లేదు. దానికి బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టింది 1972లో అమెరికన్ శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్. ఐదు దేశాల మగవాళ్ల కొలతలు తీసి, ఉన్న సూత్రాల్లో ఇది మిగతావాటికి తీసిపోదని తేల్చాడు. సూటిగా చెప్పాలంటే గుంపుల్ని పోల్చడానికి పుట్టిన లెక్క ఇది. ఆ పనికి ఇప్పటికీ భేషుగ్గా ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 36 శాతం మందికి బీఎంఐ 25 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంది. అదే రాష్ట్రంలో దాదాపు 15 శాతం మందికి 18.5 కన్నా తక్కువ. ఒకే వీధిలో ఒకింట్లో ఎక్కువ తిండి, ఒకింట్లో చాలని తిండి అని ఆ రెండంకెలు చెప్పేస్తున్నాయి. అక్కడ ఎత్తు అడిగి రాసుకోలేదు, కొలిచారు.

గుంపు నుంచి ఒక్క మనిషి దగ్గరికి వస్తే మాత్రం జాగ్రత్త కావాలి. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి ఫోటో వేయించారు. పక్కపక్కన నిలబడ్డారు. ఇద్దరి బీఎంఐ 22.3. నీతో సహా ఒక్కటే. ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. సన్నగా కనబడుతూనే లోపల కొవ్వు దాచుకునే ఒళ్లు మనది. ‘‘నాకేం, సన్నగానే ఉన్నాగా’’ అనేవాళ్లు ఆ ఫోటో ఒకసారి చూడాలి. అందుకే మన వైద్యులు నడుం కొలవమంటున్నారు: మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదు. చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్య, ఊపిరి వదిలాక. ‘‘నాది 34 ప్యాంటే’’ అన్న జవాబు చెల్లదు. బొజ్జ కిందికి జార్చి బెల్టు పెట్టుకుంటే 34 ప్యాంటు పదేళ్లయినా పడుతుంది.

ఆ ఫోటోకి ఎదురు ఉదాహరణ మన శ్రీకాకుళం ఆడపడుచు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి కాంస్యం గెలిచింది 69 కిలోల విభాగంలో. ఆ బరువుతో 166 సెంటీమీటర్ల లోపు ఎత్తున్న ఏ లిఫ్టరుకైనా బీఎంఐ 25 దాటుతుంది. మన పట్టిక ప్రకారం ఊబకాయులు! మొత్తం 240 కిలోలు ఎత్తిన ఆమెకి పుల్కాలు తినమని చెప్పే ధైర్యం ఎవరికుంది?

పిల్లల సంగతి రెండు ముక్కల్లో. పదేళ్ల పిల్లాడికి బీఎంఐ 16 అంటే చక్కగా ఉన్నట్టే. పెద్దవాళ్ల పట్టికలో పెట్టి చూసి ‘తక్కువ బరువు’ అని కంగారుపడి డబ్బాల కొద్దీ పొడులు కొనే తల్లులున్నారు. పిల్లలకి వయసునీ, ఆడామగానీ బట్టి వేరే చార్టులుంటాయి, పిల్లల డాక్టరు దగ్గర దొరుకుతాయి. గర్భిణులకి ఈ లెక్కే పనికిరాదు. నడుం వంగిన తాతయ్యకి ఎత్తు తగ్గి, ఏమీ తినకుండానే బీఎంఐ పెరుగుతుంది.

చుక్కా, నిన్ను వెళ్లగొట్టడం నా ఉద్దేశం కాదు. మీటర్లలో నీ కొలువు నీకుంది, చేసుకో. నా విన్నపం అసలు నీకు కాదు, నిన్ను పెట్టేవాళ్లకి. బయోడేటా రాసే తల్లిదండ్రులూ, ఎత్తు దగ్గర 178 అని రాయండి, పక్కన సెంటీమీటర్లు అనండి. పిల్ల మేనమామకి అర్థం కాకపోతే ‘5 అడుగుల 10 అంగుళాలు’ అని అక్షరాలా రాయండి. శిబిరాలు పెట్టే పెద్దలూ, బరువు మిషనుతో పాటు ఎత్తు కర్ర కూడా తెచ్చుకోండి; మరిచిపోతే గోడ, టేపు వాడండి, ఎత్తు అడిగి రాసుకోకండి. యాప్‌లు చేసే తమ్ముళ్లూ, ఎవరైనా అడుగుల గడిలో 5.10 కొడితే లెక్క కట్టేముందు ఒక్కసారి ‘ఐదడుగుల పది అంగుళాలా?’ అని అడిగించండి. బీఎంఐ స్లిప్పు చేతికొచ్చినవాళ్లు ముందు అందులో రాసిన ఎత్తు చూడండి, తర్వాతే వంటింట్లోకి వెళ్లండి.

ఇట్లు,
నీ బాధితుల తరఫున ఒక 168 సెంటీమీటర్ల మనిషి